అరిగిపోని స్విచ్చులు

పోయిన వారం కోడల్ని ముందుగదిలో పనిబల్ల దగ్గర, తల పట్టుకుని కూర్చున్న చోట వదిలాం. ఆమె ఎదుట మావగారి పాత కీబోర్డు బోర్లా పడి ఉంది. అందులో ఏడు కీలు మూగబోయాయి. గురువారం పొద్దున్న డాక్టరుగారు ఇంటికి వస్తారు. తలకి ఆపరేషన్ చెయ్యాలంటే రోగి ఒప్పుకోవాలి. మావగారు నోటితో చెప్పలేరు, కుడిచేత్తో సంతకం పెట్టలేరు. అందుకని తన ఎదుట, ఆ కీబోర్డు మీదే, ఆయన సొంత వేళ్ళతో కొట్టి చూపించాలన్నారు డాక్టరుగారు. గురువారానికి ఇంకా మూడు రోజులున్నాయి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారికి మరికొంచెం చెప్పాలి. మావగారు ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చే ఆపరేటరు. ప్రెస్సు మూసేసినప్పుడు ఆయన వాడిన యంత్రాన్ని ఆయనకే ఇచ్చేశారు. రెండేళ్ళ కిందట పక్షవాతం ఆయన మాటనీ, కుడిచేతినీ తీసుకుపోయింది. వాటితో పాటు చదువునీ తీసుకుపోయింది. అక్షరం కంటికి కనిపిస్తుంది, అది ఏ అక్షరమో తెలియదు. కానీ ఎడమచేతి వేళ్ళకి ఆ కీబోర్డు మీద ఏది ఎక్కడుందో తెలుసు. రాయగలరు, రాసింది చదువుకోలేరు. ఆ యంత్రం తెర మీద మామూలు అక్షరాలు రావు, ప్రెస్సు వాళ్ళ గుర్తులు వస్తాయి. వాటిని చదవడం ఇంట్లో ముగ్గురికే వచ్చు: అత్తగారికి, కొడుక్కి, కోడలికి. ఆయన కొడితే ముగ్గురిలో ఎవరో ఒకరు పైకి చదువుతారు. తను రాసింది తనకి తెలిసేది కూడా అలా చెవితో వింటేనే. కొత్త కీబోర్డులు మూడు తెచ్చి ముందు పెట్టారు. వాటి మీద ఆయన వేళ్ళు చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టు వెతుక్కున్నాయి.

సోమవారం పొద్దున్న ఆ ఇంట్లో గొడవ ఒక స్టీలు గ్లాసుతో మొదలైంది.

"దీని అడుగు చూడమ్మా. సొట్ట. నిలబెడితే డాన్సు చేస్తోంది" అన్నాడు కోడలి భర్త. బస్టాండులో టైమ్‌కీపరు. గ్లాసులు కూడా వేళకి తిన్నగా నిలబడాలనుకునే మనిషి. టీ సగం బల్ల మీద ఉంది.

"అయితే నన్నేం చెయ్యమంటావు? నేను కొరికానా దాన్ని?" అంది అత్తగారు, బల్ల తుడుస్తూ.

"ఆరు గ్లాసుల సెట్టు. మొన్ననే కొన్నాం."

"మొన్న కాదు, నీ ఉద్యోగం పర్మనెంటైన రోజున. అప్పట్నించీ నువ్వు పడలేదా సొట్టలు? అది పడకూడదా?"

"నేనెక్కడ పడ్డాను?"

"అద్దం అక్కడుంది, వెళ్ళి చూసుకో."

కోడలు నవ్వు ఆపుకుంటూ ఇంకో గ్లాసు తెచ్చి పెట్టింది. అతను ఆ గ్లాసు తీసుకోలేదు. సొట్ట గ్లాసునే చేత్తో తిప్పి తిప్పి చూశాడు. "ఒక్క సొట్ట కాదు. అంచంతా ఉన్నాయి."

"అది మీ నాన్న గ్లాసురా. దాంట్లో టీ పోసుకోమని ఎవరు చెప్పారు నీకు?" అత్తగారు గ్లాసు లాక్కుంది. "ఈమధ్య ఆయనకి దాహం ఎక్కువైంది. మధ్యాన్నం నేను నడుం వాలిస్తే చాలు, గ్లాసుతో టకటకమని కొడతారు. నీళ్ళు పోసి వస్తాను, తాగరు. ఇలా పడుకుంటానో లేదో మళ్ళీ టక్కుమంటుంది."

"అన్నీ ఆయన మీద తోసెయ్. నోరు లేని మనిషి కదా."

"నోరు లేదని నువ్వూ గుర్తుపెట్టుకో" అంది అత్తగారు.

బూట్లు వేసుకుంటూ అతను భార్యని అడిగాడు, "గురువారానికి అవుతుందా, అవదా?"

"మార్చడానికి ఇంక స్విచ్చులు లేవు. ఇవాళ భూతద్దం మాస్టారి దగ్గరికి వెళ్తాను."

"అక్షరాలు పడాలి, అంతే. నాన్న 'సరే' అని కొట్టాలి, నేను డాక్టరుగారికి చదివి వినిపించాలి. మిగతాది తర్వాత చూసుకుందాం."

కోడలిది రిపేర్ల పని. ముందుగదిలో ఓ బల్ల, టంకం పెట్టే కాడ, నాలుగు పెట్టెల సామాను. పాత కీబోర్డులు ఎక్కడెక్కడి నుంచో ఆమె దగ్గరికి వస్తాయి. మావగారి కీబోర్డుకి ఆమె వాడే పద్ధతి ఒకటుంది. తొంభై ఆరు కీలలో ఆయన వాడేవి సగానికి కాస్త ఎక్కువ. మిగతావి ప్రెస్సు పనికే తప్ప ఇంటి మాటలకి అక్కర్లేనివి. వాడే కీ ఒకటి పోయినప్పుడల్లా వాడని కీ కింద నుంచి మంచి స్విచ్చి పీకి ఇక్కడ పెట్టేది. తేదీ నోటుబుక్కులో రాసుకునేది. అలా నలభై ఒకటి మార్చింది. ఇప్పుడు ఆ కీబోర్డు పై వరుసా పక్క వరుసా పళ్ళూడిన నోరులా ఉన్నాయి. ఇచ్చే కీలు అయిపోయాయి. పోయేవి మాత్రం పోతూనే ఉన్నాయి.

కీబోర్డుని పాత తువ్వాల్లో చుట్టి, పోయిన స్విచ్చుల సీసా సంచిలో వేసుకుని ఆమె బస్సెక్కింది.

భూతద్దం మాస్టారు ఒకప్పుడు సైన్సు చెప్పేవారు. ఇప్పుడు కుట్టుమిషన్ల దుకాణం మీద రెండు గదుల్లో ఉంటారు. ఒక గది ఆయనకి, రెండోది స్విచ్చులకి. గోడ పొడుగునా అగ్గిపెట్టెలంత సొరుగులు. ప్రతి సొరుగులో ఒకే ఒక్క స్విచ్చి, దాని కింద సన్నటి అక్షరాలతో చీటీ.

తలుపు తీసి ఆయన మొదట అడిగింది, "చేతులు కడుక్కున్నారా?"

"బస్సులో వచ్చానండి."

"అయితే రెండుసార్లు కడుక్కోండి."

కడుక్కుని వచ్చాక తువ్వాలు విప్పింది. ఆయన కీబోర్డుని చూడలేదు, చెవి దగ్గర పెట్టుకుని ఒక కీ నొక్కారు. వదిలారు. మళ్ళీ నొక్కారు. డాక్టరు ఛాతీ విన్నట్టు కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇది ఏ రకం అనుకుంటున్నారు?"

"రేకు స్విచ్చేనండి" అంది కోడలు. "బూడిదరంగు డబ్బీ, తెల్ల కాడ, లోపల రెండు రాగిరేకులు. నొక్కితే కలుస్తాయి. ఇలాంటివి ఇదివరకు చాలా చూశాను. దొరక్కే మీ దగ్గరికి వచ్చాను."

"లోపల చూశారా?"

"చూడాలంటే పగలగొట్టాలి కదండీ. అతికించేసిన డబ్బీలు. ఉన్నవే కొన్ని, పగలగొట్టడానికి చేతులు రాలేదు."

"పోయినవాటినైనా చూడాల్సింది."

ఆమెకి ఆ ఆలోచనే రాలేదు. పోయినదాన్ని తీసి సీసాలో వెయ్యడం, తేదీ రాసుకోవడం, మంచిది పెట్టడం. పోయినదాంతో ఇంక పనేముందని.

మాస్టారు గూట్లోంచి దారానికి కట్టిన కుట్టుసూది ఒకటి తీశారు. సీసాలోంచి ఒక స్విచ్చిని బల్ల మీద పెట్టి సూదిని దాని పక్కన వేలాడదీశారు. సూది నెమ్మదిగా తిరిగి స్విచ్చి వైపు చూస్తూ ఆగింది.

"రాగిరేకులకి సూది తిరగదమ్మా."

ఆయన బ్లేడుతో డబ్బీని అతుకు దగ్గర కోశారు. కాడ చివర మిరియపుగింజ సగమంత అయస్కాంతం. దాని పక్కన బియ్యపుగింజంత గాజుగొట్టం, అది రెండు ముక్కలుగా ఉంది. వెంట్రుకల్లాంటి రెండు తీగలు బయటికి వచ్చి చెరో వైపు వంగిపోయి ఉన్నాయి.

"అయస్కాంతం దిగితే ఈ తీగలు కలుస్తాయి. పైకి పోతే విడిపోతాయి. గాజు లోపల ఉంటాయి కాబట్టి దుమ్ము తగలదు, చెమ్మ తగలదు, తుప్పు పట్టదు. ఈ డబ్బీ చూసి అందరూ మీలాగే రేకు స్విచ్చి అనుకుంటారు. డబ్బీ పాతదే, లోపల సరుకు వేరు. కొన్ని నెలలే చేశారు, ఖరీదు ఎక్కువని మానేశారు. నా జీవితంలో ఇది రెండోసారి చూడ్డం."

"ఎన్నాళ్ళొస్తాయండి ఇవి?"

"మీ మావగారు ఇంకో మూడు జన్మలు కొట్టినా అరగవు."

కోడలు నోటుబుక్కు తెరిచి ఆయన ముందుకి జరిపింది. "కానీ నలభై ఎనిమిది పోయాయి మాస్టారూ. ఎక్కువ వాడే అక్షరాలే ముందు పోయాయి. అందుకే అరిగాయనుకున్నాను."

ఆయన పేజీలు వెనక్కి తిప్పారు. "మొదటిది మార్చిలో. అంతకుముందు ఏడాదిన్నర ఒక్కటి కూడా పోలేదు. మార్చి నుంచి ఆగస్టు లోపల నలభై ఎనిమిది." పుస్తకం మూశారు. "అరిగేది ఇలా అరగదమ్మా. ఇవి చావాలంటే గాజు పగలాలి. గాజు దానంతట అది పగలదు."

ఆమె సీసా ఎత్తి చెవి దగ్గర ఆడించింది. లోపల పంచదార పలుకుల్లాంటి సన్నటి గలగల. ఈ చప్పుడు ఆరు నెలలుగా వింటూనే ఉంది. డబ్బీల్లో చేరిన దుమ్ము అనుకుంది.

"కీల మీది పైబిళ్ళలు ఎప్పుడైనా చూశారా?"

"వాటికేమైందండీ, బాగానే ఉన్నాయి. ఊడదీసినప్పుడల్లా సబ్బునీళ్ళలో కడుగుతాను."

"కడుగుతారు. చూడరు. నేనూ అంతే చేసేవాణ్ణి. బిళ్ళ పీకి పక్కన పడేస్తాం, కళ్ళన్నీ కింద స్విచ్చి మీదే." ఆయన ఒక బిళ్ళ ఊడదీసి భూతద్దం కింద పెట్టి ఆమెకి చోటిచ్చారు.

అక్షరం మీదుగా సన్నటి గాటు ఉంది. నెలవంకలా వంగిన గాటు. ఇంకో బిళ్ళ మీదా అదే. మూడోదాని మీద ఒకదాని పక్కన ఒకటి నాలుగున్నాయి. మాస్టారు కంపాసు తీసి గాటు వంపుని కొలిచి కాగితం మీద ఆ గుండ్రం పూర్తిగా గీశారు.

"ఇంత గుండ్రటి అంచు. బరువైనది. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"లేరండి."

"పిల్లి?"

"మా అత్తయ్యకి పడదు."

కాగితం మీద గుండ్రంలో కోడలికి పొద్దుటి టీ గ్లాసు కనిపించింది.

ఆయన గోడ దగ్గరికి వెళ్ళి అడుగు వరుసలో ఒక సొరుగు తీశారు. అందులో ఒకటి కాదు, ఐదున్నాయి. దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చారు. "ఈ రకం నా దగ్గర ఇవే. నలభై ఏళ్ళు వెతికితే దొరికినవి."

"నాకు ఏడు కావాలండి."

"నాకు మాత్రం వెయ్యి కావాలి." నవ్వలేదు ఆయన. "ఒక్క మాట వినండి. కొడుతున్నది ఎవరో తెలిశాకే వీటిని పెట్టండి. లేకపోతే ఇవీ ఆ సీసాలోకే."

ఇంటికి వచ్చేసరికి రెండున్నర. అత్తగారి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. మావగారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. ముందు చక్రాల బల్ల, దాని మీద కీబోర్డు లేని చోట దుమ్ములేని చదరం. చేతికందేంత దూరంలో స్టీలు గ్లాసు.

ఆయన మెడ ఎప్పుడూ కొద్దిగా వణుకుతూ ఉంటుంది. అవునన్నా కాదన్నా ఒకేలా ఊగుతుంది. అందుకే తల ఊపడాన్ని డాక్టరుగారు లెక్కలోకి తీసుకోనన్నారు. దేన్నైనా చేత్తో తోసేస్తే ఇంట్లోవాళ్ళు కోపం అనుకున్నారు.

కోడలు కీబోర్డు పెట్టింది. గ్లాసు తీసుకుని దాని అడుగు అంచుని ఒక బిళ్ళ మీద గాటుకి ఆనించింది. సరిగ్గా కూర్చుంది. పక్క బిళ్ళ మీద పెట్టింది. అక్కడా కూర్చుంది. అంచుకి ఏ సొట్ట ఏ బిళ్ళ మీద పడిందో కూడా చెప్పచ్చు అనిపించింది.

మావగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. బయట ఎదురింటి గోడ తప్ప ఏమీ లేదు.

ఆమె టంకం కాడ అక్కడికే తెచ్చి వేడి పెట్టింది. ఏడు మూగ కీలలో ఏ ఐదింటికి నోరివ్వాలి? చాలాసేపు ఆలోచించింది. ఎక్కువ మాటల్లో వచ్చేవి ఏరింది. రెండు అలాగే వదిలేసింది. ఒక్కొక్క స్విచ్చినీ దూదిలోంచి తీసి, కాళ్ళు సరిచేసి, కింద నుంచి అతికించింది. పొగ కిటికీ వైపు సాగింది. మావగారు తల ఇటు తిప్పారు. ఆ వాసన ఆయనకి ప్రెస్సు వాసన. ముక్కుపుటాలు కొంచెం విచ్చుకోవడం ఆమె చూసింది.

గంట పట్టింది. కీబోర్డుని యంత్రానికి తగిలించింది. తెర పచ్చగా వెలిగింది. అప్పుడు గ్లాసుని తీసి ఆయన ఎడమచేతి కిందకి జరిపింది.

"కొట్టాలనుకుంటే ఇప్పుడే కొట్టెయ్యండి మావయ్యా. ఇవి అయిపోతే ఇంక ఎక్కడా లేవు. మీకూ నాకూ పని తప్పుతుంది."

ఆయన చెయ్యి గ్లాసు చుట్టూ బిగుసుకుంది. కీబోర్డు మీదికి లేచింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు. గ్లాసు గాల్లో ఆగింది. ఆయన కళ్ళలో కోపం ఉంటుందనుకుంది. లేదు. పరీక్షలో పట్టుబడ్డ పిల్లాడి చూపు ఉంది. ఎనభై ఏళ్ళకి దగ్గరపడ్డ మొహం మీద ఆ చూపు చూడలేక ఆమె తెర వైపు తిరిగింది.

గ్లాసు బల్ల మీదికి దిగింది. కొంచెం సేపటికి కీల చప్పుడు. నెమ్మదిగా, ఒక్కొక్కటి.

తెర మీద గుర్తులు వరసగా పడ్డాయి. రెండు చోట్ల ఖాళీ ఉంది. అర్థం కానంత ఖాళీ కాదు.

*మార్చిలో చాలు అన్నాను.*

ఆయన తెర చూడటం లేదు. చూసినా ఆయనకి అందులో ఏమీ లేదు. ఆయన కళ్ళు కోడలి పెదవుల మీద ఉన్నాయి. ఆమె ఏది చదివితే ఆయన అదే రాసినట్టు. 'సరిగా పడలేదు మావయ్యా' అంటే సరిపోతుంది. గదిలో ఇంకెవరూ లేరు.

"మార్చిలో చాలు అన్నాను" అని ఆమె పైకి చదివింది.

వేళ్ళు మళ్ళీ కదిలాయి. *ఏమని చదివారు?*

ఆమెకి ఆ సాయంత్రం గుర్తుంది. ఆపరేషన్ మాట డాక్టరుగారు మొదటిసారి ఎత్తిన రోజు. పదిలో ఒక వంతు ఆశ, మాట రావచ్చు. మిగతా తొమ్మిది వంతుల్లో ఈ ఎడమచెయ్యి కూడా పోవచ్చు, మనిషే పోవచ్చు. చెయ్యకపోతే ఎన్ని నెలలో ఎవరూ చెప్పలేరు. ఆ సాయంత్రం మావగారు ఒకే ఒక్క మాట కొట్టారు. అత్తగారు తెర చూసి, పొయ్యి మీద ఏదో మాడుతోందని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. కొడుకు చూసి, "ఏదో కీ సరిగా పడినట్టు లేదు నాన్నా, అర్థం కావట్లేదు" అన్నాడు. తను చూసింది. "నేను బాగుచేస్తాను మావయ్యా" అని కీబోర్డు ఎత్తుకుపోయింది. రెండు రోజులు దాన్ని విప్పి శుభ్రం చేసింది. బాగున్నదాన్ని ఎంతో శ్రద్ధగా బాగుచేసింది.

"కీ సరిగా పడలేదని చెప్పాం" అంది.

*పడిందా?*

"పడింది." ఆయన వైపు తిరిగింది. "బాగానే పడింది మావయ్యా. చాలు అని స్పష్టంగా ఉంది. ముగ్గురం చదివాం."

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎంతసేపు మూసుకున్నారంటే నిద్రపోయారేమో అనుకుంది. తర్వాత కళ్ళు తెరవకుండానే కొట్టడం మొదలుపెట్టారు. ఆమె ఒక్కొక్క మాటా పడగానే చదువుతూ వచ్చింది.

*నా వేళ్ళు కూడా పోయాయనుకున్నాను. చాలా రోజులు అదే భయం. తర్వాత గమనించాను. టీ అడిగితే పడుతుంది. దుప్పటి అడిగితే పడుతుంది. వద్దు అంటే పడదు.*

"వద్దు అంటే పడదు" అని చదివి ఆమె ఆగింది.

*అందుకే నిజంగా పోగొట్టాను. నువ్వు మళ్ళీ పెట్టావు. నీ ఓపిక నా చేతికి లేదమ్మా.*

ఇది చదవడానికి ఆమెకి కొంచెం టైము పట్టింది. ఆయన తొందరపెట్టలేదు. అక్షరం అక్షరం విన్నారు.

*ఆపరేషన్ వద్దు. గురువారం నువ్వు చదువు.*

"ఆపరేషన్ వద్దు. గురువారం నువ్వు చదువు" అని చదివింది.

అప్పుడే తలుపు దగ్గర చప్పుడైంది. అత్తగారు నీళ్ళ చెంబుతో నిలబడి ఉంది. జుట్టు చెదరలేదు, కళ్ళలో నిద్ర లేదు. ఎప్పటి నుంచి అక్కడుందో తెలియదు.

"ఇవాళ గ్లాసు చప్పుడు వినపడలేదు. అందుకే వచ్చాను" అంది. గ్లాసు నిండా నీళ్ళు పోసింది. తెర వైపు చూడలేదు. చీర కొంగుతో ఆయన మూతి తుడిచి, చెంబు పట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆరున్నరకి కొడుకు వచ్చాడు. బూట్లు విప్పకుండానే కీబోర్డు దగ్గరికి వెళ్ళి నాలుగు కీలు నొక్కి చూశాడు. నాలుగూ పడ్డాయి.

"అబ్బ! చేసేశావే! నేను పొద్దున్న ఊరికే అరిచాను నీ మీద." వంటింట్లోకి వినపడేలా కేకేశాడు, "అమ్మా, నీ కోడలికి ఇవాళ రెండు ముద్దలు ఎక్కువ పెట్టు."

మావగారి కుర్చీని భోజనాల బల్ల దగ్గరికి తోశారు. ఆయనకి మెత్తగా కలిపి అత్తగారు చెంచాతో పెడుతోంది. ఒక చెంచా ఆయనకి, తర్వాత తనకి ఒక ముద్ద. రెండేళ్ళుగా ఆవిడ భోజనం అదే లయలో సాగుతోంది. మిగతా ముగ్గురి గ్లాసులూ కొత్తగా మెరుస్తున్నాయి. ఆయన ముందు సొట్ట గ్లాసు.

"దీన్ని ఇంకా పారెయ్యలేదా?" అన్నాడు కొడుకు నవ్వుతూ. జవాబు కోసం ఆగలేదు. "గురువారం తొమ్మిదికల్లా డాక్టరుగారొస్తారు. నాన్నా, నువ్వు ఒక్క మాట కొట్టు చాలు. నేను పైకి చదువుతాను, కింద సంతకం పెడతాను, పదిహేను నిమిషాల పని. ఆ మధ్యాన్నమే ఆస్పత్రిలో చేర్చేస్తాం."

"చదివేది నేను" అంది కోడలు.

"ఎవరైతే ఏంటి? సరే, నువ్వే చదువు."

"ఉన్నది ఉన్నట్టు చదువుతాను."

అతని చెయ్యి కంచంలో ఆగింది. "అంటే?"

"మార్చిలో పడిన మాట మీకు గుర్తుందా?"

అతను తండ్రి వైపు చూడలేదు. తల్లి వైపు చూశాడు. "అప్పుడు కీ సరిగా..."

"పడింది" అంది కోడలు. "స్విచ్చులు అరగలేదండీ. ఇవాళ తెలిసింది. అసలు అరగని రకం అవి. కీ పడలేదన్న మాట ఇంక ఈ ఇంట్లో ఎవ్వరం అనడానికి లేదు." గ్లాసు గురించి ఆమె చెప్పలేదు. నలభై ఎనిమిది స్విచ్చులు ఎలా పోయాయో కూడా చెప్పలేదు. అది చెప్పడం తన పని కాదనిపించింది.

"అంటే చూస్తూ కూర్చుందామంటావా?" అతని గొంతు పైకి లేచింది. "మా నాన్న ఆయన. చిన్నప్పుడు నన్ను పేరు పెట్టి వీధి చివర్నించి పిలిచేవాడు. ఆ గొంతు ఒక్కసారి వినాలని నాకుండదా? పదిలో ఒక వంతు అన్నారు. ఒక వంతు సున్నా కాదు కదా!"

"సున్నా కాదు. కానీ ఆ తొమ్మిది వంతులూ ఆయనవే, మనవి కాదు."

"నీకేం, కోడలివి. బాగానే మాట్లాడతావు."

అన్నాక అతనికే ఎలాగో అనిపించింది. మాట వెనక్కి తీసుకునేవాడే, కానీ అప్పటికే కోడలు కళ్ళు దించుకుంది. మావగారి మెడ ఊగుతోంది. అవునో కాదో ఎవరికీ తెలియని ఊపు. కళ్ళు మాత్రం కోడలి పెదవుల దగ్గరే ఉన్నాయి, మధ్యాన్నం ఉన్నట్టే.

అత్తగారు చెంచా గిన్నెలో పెట్టింది. ఆయన గడ్డం మీద మెతుకు తీసింది. తన చెయ్యి కడుక్కుంది. ఆవిడ ఏదో చెప్పబోతోందని అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

"మార్చిలో ముందు చదివింది నేను" అంది. "మీ ఇద్దరి కంటే ముందు. పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్ళానే, అప్పుడు."

"అమ్మా..."

"ఉండరా. నలభై ఏడేళ్ళు ఈయన మాట బయటివాళ్ళకి నేనే చెప్పాను. ఉన్న మాట చెప్పాను, లేని మాటా చెప్పాను. ఆయనకి కోపం వస్తే తలనొప్పి అని చెప్పాను. నచ్చనివాళ్ళు వస్తే ఇంట్లో లేరని చెప్పాను." ఒక్క క్షణం నవ్వు లాంటిది వచ్చి పోయింది. "గురువారం నువ్వు చదవక్కర్లేదురా. అమ్మాయ్, నువ్వూ చదవక్కర్లేదు. డాక్టరు ముందు చదివేది నేను. సంతకం పెట్టేదీ నేనే."

కోడలు నెమ్మదిగా అడిగింది, "ఏమని చదువుతారు అత్తయ్యా?"

అత్తగారు గ్లాసులో నీళ్ళు ఆయనకి రెండు గుక్కలు పట్టించి బల్ల మీద పెట్టింది. ఆయన చూపు కోడలి పెదవుల నుంచి కదిలి, భార్య పెదవుల మీదికి వచ్చి ఆగింది. అవి మూసుకుని ఉన్నాయి. సొట్ట గ్లాసు బల్ల మీద అటూ ఇటూ ఊగింది. అది ఆగేదాకా నలుగురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.